గజం చవకే... మరి రోడ్డెవరు వేస్తారు?

శ్రావణ శుక్రవారం పేరంటానికి పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని వెళతాం. చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని వెళ్ళడం ఎక్కడైనా చూశారా? క్రిందటి శ్రావణంలో మా వదిన కొత్తింటికి మేమంతా అలాగే వెళ్ళాం!

ఊరు గోదావరి జిల్లాల్లోదే. పేరెందుకు లెండి. ఊరి చివర, నాలుగేళ్ళ క్రితం దాకా వరిచేలుగా ఉన్న చోట వేసిన కాలనీ. మెయిన్ రోడ్డు మీద ఆటో ఆపేసి "ఇక లోపలికి రాదండీ" అన్నాడు అబ్బాయి. అక్కడి నుంచి వదినగారి గేటు దాకా ఇటుకలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ ఇటుకల మీద ఒక్కొక్కరమే అడుగులో అడుగు వేసుకుంటూ, కాలు జారకుండా తాంబూలానికి చేరాం.

ఇల్లు మాత్రం ముచ్చటగా ఉంది. వంటింట్లో నల్ల గ్రానైటు గట్టు, దాని కింద డబ్బాలకి అరలు, పెరటివైపు తులసికోట. "ఇంత బాగా కట్టుకున్నావు, రోడ్డు లేదేమిటి వదినా?" అని అడిగాను. అడక్క అడిగినట్టయింది. గబగబా లోపలికి వెళ్ళి ప్లాను కాగితాల కవరు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"చూడమ్మా, నువ్వే చూడు. డెవలప్‌మెంట్ చార్జీలట, బెటర్‌మెంట్ చార్జీలట, ఖాళీ స్థలం రుసుమట! అన్నీ కలిపి రెండు లక్షలు దాటాయి. ఇవి కడితేగాని ప్లాను చేతికివ్వమన్నారు. మీ అన్నయ్య చేతిలో అంత ఎక్కడిది? నా చంద్రహారం బ్యాంకులో కూర్చుంది. స్థలం మేం కొనుక్కున్నాం, ఇల్లు మేం కట్టుకున్నాం. మధ్యలో వీళ్ళకెందుకు కట్టాలి? పోనీ కట్టాం కదా, రోడ్డేదీ?"

వదిన ఒక్క గుక్కలో రెండు ప్రశ్నలు అడిగేసింది. ఎందుకు కట్టాలి? కట్టాక రోడ్డేదీ? మొదటి ప్రశ్నకి జవాబు తెలిస్తేగాని రెండో ప్రశ్న గట్టిగా అడగలేం. ఇంటి స్థలం కొందామని చీటీలు వేస్తున్నవాళ్ళు, బంగారం తాకట్టు పెడదామని చూస్తున్నవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇంటి ఖర్చు గేటు దగ్గర ఆగదు

కొత్తగా ఒక ఇల్లు లేస్తే ఊరికి ఏం ఖర్చు? ఒక్క ఇల్లయితే పెద్దగా ఏమీ లేదు. యాభై ఇళ్ళు లేస్తే మాత్రం మంచినీటి పైపు అక్కడిదాకా పొడిగించాలి. వాడిన నీళ్ళు పోవడానికి డ్రైను తవ్వాలి. రోడ్డు వెయ్యాలి, దీపాలు పెట్టాలి. ఆ డ్రైను నీళ్ళు కలిసే పెద్ద కాలవని వెడల్పు చెయ్యాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు చాలకపోతే మరొకటి కట్టాలి.

ఇరవై మందికి వండిన పప్పులోకి ఉన్నట్టుండి నలభై మంది వచ్చారనుకోండి. నీళ్ళు పోసి సరిపెట్టవచ్చు. అప్పుడు ముందు వచ్చినవాళ్ళకీ రుచి ఉండదు, తర్వాత వచ్చినవాళ్ళకీ కడుపు నిండదు. లేకపోతే వచ్చేవాళ్ళు తలా కాస్త కందిపప్పు తెచ్చి ఇవ్వాలి. డెవలప్‌మెంట్ చార్జీ అంటే ఆ తలా కాస్త కందిపప్పే.

ఆఫీసు కాగితాల్లో దీనికి రకరకాల పేర్లు ఉంటాయి. అన్నీ ఒకటి కావు.

పర్మిట్ ఫీజు అంటే మీ ప్లాను పరిశీలించి అనుమతి ఇచ్చినందుకు తీసుకునేది. డెవలప్‌మెంట్ చార్జీ అంటే చేను ఇళ్ళ స్థలంగా మారినందుకు, దాని మీద కట్టడం లేచినందుకు ఊరి మొత్తం సదుపాయాల కోసం తీసుకునేది. బెటర్‌మెంట్ చార్జీ అంటే సదుపాయాలు లేని చోట రోడ్డు, డ్రైను లాంటివి కల్పించడానికి ఆ స్థలం వాటాగా తీసుకునేది. ఇక ఖాళీ స్థలం రుసుము ఉంది. లేఅవుట్లో పార్కుకి వదలవలసిన జాగా వదలకపోతే, దానికి బదులుగా ప్లాటు కొన్నవాళ్ళు కట్టేది.

పన్నుకీ ఫీజుకీ తేడా ఉంది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాని వివరంగా చెప్పింది. పన్ను ఊరందరి అవసరాలకి. ఇంత కట్టావు కాబట్టి నీకు ఇది చేస్తాం అనే షరతు దానిలో లేదు. ఫీజు అలా కాదు, ఒక ప్రత్యేకమైన సేవకి బదులుగా తీసుకునేది. తర్వాత వచ్చిన తీర్పుల్లో, పైసకి పైసా లెక్క సరిపోనక్కర్లేదని కోర్టులు కొంత సడలించాయి. అయినా ఫీజు కట్టినవాళ్ళకి "ఇది దేనికి?" అని అడిగే హక్కు ఉంది. దీన్ని కాస్త గుర్తుంచుకోండి.

మన డెల్టాలో మరీ అవసరం

రాయలసీమలోనో తెలంగాణలోనో ఎత్తయిన నేల మీద ఇల్లు కట్టడం వేరు, మన గోదావరి డెల్టాలో కట్టడం వేరు. ఇక్కడ నీళ్ళు తెచ్చుకోవడం కన్నా బయటికి పంపడం పెద్ద పని.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పేరు మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ ఆనకట్ట నుంచి పొలాలకి నీళ్ళు తెచ్చే కాలవలతో పాటు, పొలాల్లోంచి నీళ్ళు తీసుకుపోయి సముద్రంలో కలిపే మురుగు కాలవలూ ఉంటేనే చేను బతుకుతుంది. ఈ రెండో రకం కాలవ పూడిపోతే ఏమవుతుందో మన రైతు ఇళ్ళ ఆడవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కోతకొచ్చిన పంట నీళ్ళల్లో నానుతూ ఉంటే ఎన్నిసార్లు చూడలేదు!

సదుపాయం వచ్చి విలువ పెరిగితే అందులో కొంత ఇవ్వాలన్న మాట కూడా మనకి కొత్తది కాదు. ఆంధ్ర రాష్ట్రంలో 1955లోనే, ప్రాజెక్టు నీళ్ళ వల్ల విలువ పెరిగిన భూముల మీద బెటర్‌మెంట్ కాంట్రిబ్యూషన్ వసూలు చేసే చట్టం వచ్చింది. అప్పుడు చేలకి నీళ్ళు వచ్చినందుకు, ఇప్పుడు ఇళ్ళ నుంచి నీళ్ళు పోవడానికి. సూత్రం ఒక్కటే.

మరి ఆ చేలే ఇప్పుడు కాలనీలవుతున్నాయి. రాజమండ్రి చుట్టూ మోరంపూడి, హుకుంపేట, కాతేరు, కొలమూరు, దివాన్‌చెరువు వైపు చూడండి. భీమవరం, తణుకు, పాలకొల్లు, తాడేపల్లిగూడెం, అమలాపురం, ఎక్కడైనా ఊరి చివరి వరిచేలో తెల్లరాళ్ళు పాతి ఉంటాయి. చేను పల్లంలో ఉంటుంది కాబట్టి మొదట కొన్నవాళ్ళు గ్రావెల్ తోలించి రెండడుగులు మెరక చేస్తారు. తర్వాత వచ్చినవాళ్ళు మూడడుగులు చేస్తారు. వీళ్ళ వాననీళ్ళు వాళ్ళ పెరట్లోకి, వాళ్ళ నీళ్ళు ఇంకొకళ్ళ గుమ్మంలోకి. ఎవరి ఇల్లు వాళ్ళు ఎత్తుకోగలరు గాని, నీళ్ళు పోయే దారి ఎవరికి వాళ్ళు వేసుకోలేరు. అది నలుగురూ కలిసి చెయ్యవలసిన పని.

పెద్ద ఎత్తున కూడా ఇదే గొడవ. రాజమండ్రి పేదల ఇళ్ళ స్థలాల కోసం కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములు తీసుకున్నప్పుడు, అది నీట మునిగే నేల అంటూ 2020లో వివాదం రేగి హైకోర్టు దాకా వెళ్ళింది. ఆవ అంటేనే నీళ్ళు నిలిచే పల్లం. పేరులోనే నేల తన సంగతి చెప్పుకుంటోంది కదా!

లెక్క ఎలా కడతారు?

ఇంతకీ ఈ చార్జీ ఎంత ఉండాలో ఎలా తేలుస్తారు? ఏ ఊళ్ళో చూసినా ఇంచుమించు మూడు పద్ధతులే. తేలిగ్గా అర్థం కావడానికి అంకెలు ఊహించి చెబుతున్నాను, ఇవి ఏ ఊరి రేట్లూ కావు.

మొదటిది ఖర్చుని పంచడం. 200 గజాల ప్లాట్లు 50 ఉన్నాయి, అంటే 10,000 గజాలు. అక్కడ రోడ్డుకీ డ్రైనుకీ పైపులకీ 60 లక్షలు అవుతుందని ఇంజనీర్లు అంచనా వేశారు. గజానికి 600 చొప్పున ఒక్కో ప్లాటుకి 1,20,000. పెళ్ళికి ఊరెళ్ళే వ్యాను కిరాయి తలా ఇంత అని పంచుకున్నట్టు. ఇది అందరికీ అర్థమయ్యే పద్ధతి. ఎంత పడిందో, ఎందుకు పడిందో కాగితం మీద కనిపిస్తుంది.

రెండోది భూమి విలువలో ఇంత శాతం. రిజిస్ట్రేషన్ విలువ గజం 5,000 ఉంటే 200 గజాల విలువ 10 లక్షలు. నాలుగు శాతం అనుకుంటే 40,000. అదే ప్లాటు సెంటర్‌కి దగ్గరై గజం 10,000 ఉంటే 80,000. రెండుచోట్లా డ్రైను పొడవు ఒక్కటే, చార్జీ మాత్రం రెట్టింపు! కలిగినవాళ్ళు ఎక్కువ ఇస్తారు కదా అని కొందరంటారు. పనికీ డబ్బుకీ సంబంధం తెగిపోయింది కదా అని ఇంకొందరంటారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది.

మూడోది పట్టిక. ఇళ్ళకి చదరపు మీటరుకి ఇంత, షాపులకి ఇంత, ఫ్యాక్టరీలకి ఇంత అని ముందే రాసి పెట్టుకుంటారు. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. మీటరుకి 300 అనుకుంటే సుమారు 50,000. ఆఫీసువాళ్ళకి సులువు, బేరాలకి తావుండదు. కాని పట్టిక ఎప్పుడో రాసినదైతే ఇప్పటి సిమెంటు ధరకి చాలదు.

మన రాష్ట్రంలో ఈ మూడూ కలగలుపుగా ఉన్నాయి. 1975లో వచ్చిన పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం డెవలప్‌మెంట్ చార్జీలకి దారి వేసింది. ఆ చట్టం కిందే హైదరాబాదులో హుడా, తర్వాత విశాఖలో వుడా లాంటివి వచ్చాయి. మన గోదావరి జిల్లాలకి ఇలాంటి సంస్థ ఆలస్యంగా వచ్చింది. కాకినాడ కేంద్రంగా 2017లో గోదావరి అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ, అంటే గుడా ఏర్పడింది. ఆ తర్వాత రాజమండ్రికి విడిగా రుడా వచ్చింది. రాజమండ్రి 1994లోనే కార్పొరేషన్ అయింది. అయినా ఊరు పెరిగింది ఎక్కువగా చుట్టుపక్కల పంచాయతీల్లోనే.

2006లో హైదరాబాదు భవన నిబంధనల్లో పెద్ద పెద్ద బిల్డింగులకి ఇంపాక్ట్ ఫీజు అని ఒకటి పెట్టారు. బిల్డింగు ఎత్తు పెరిగితే ఊరి మీద భారం పెరుగుతుంది కాబట్టి, ఆ భారానికి తగ్గ వాటా. అదే 2006లో వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకి మార్చుకునే చట్టం వచ్చింది. అందరూ "నాలా" అంటారే, అదే. దీన్ని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రద్దు చేసింది. దాని బదులు బాహ్య అభివృద్ధి చార్జీ అని, భూమి విలువలో ఇంత శాతంగా కట్టే పద్ధతి తెచ్చింది. "నాలా పోయిందటగా, ఇంకేమీ కట్టక్కర్లేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. పేరు మారింది, కట్టడం పోలేదు.

చవక గజం వెనక సంగతి

ఇప్పుడు అసలు కిటుకు చూద్దాం. ఎకరం అంటే 4,840 గజాలు. చేను ధర ఎకరం కోటి రూపాయలు అనుకుందాం. ఇవీ ఊహించిన అంకెలే.

పద్ధతి ప్రకారం లేఅవుట్ వేసేవాళ్ళు పదిశాతం ఖాళీ స్థలంగా మున్సిపాలిటీకో పంచాయతీకో రాసివ్వాలి. రోడ్లకి ముప్ఫై శాతం పోయిందనుకుంటే అమ్ముకోవడానికి మిగిలేది 2,904 గజాలు. 200 గజాల ప్లాట్లు పద్నాలుగు. నేల ఖర్చే గజానికి 3,440 పైన పడుతుంది. రోడ్డు, డ్రైను వాళ్ళే వెయ్యాలి కాబట్టి గజానికి ఇంకో 600 అనుకోండి. మొత్తం 4,040 పైమాటే.

అనుమతి లేని లేఅవుట్లో పార్కు ఉండదు. రోడ్లు ఎద్దుబండి పట్టేంత. వాటికి పదిహేను శాతం వదిలితే 4,114 గజాలు మిగులుతాయి. ప్లాట్లు ఇరవై! గజానికి 2,430 పడుతుంది. రోడ్డు ఖర్చు లేదు.

గజానికి పదహారు వందల తేడా. 200 గజాలకి 3,20,000. "ఎంత చవక!" అని మనం మురిసిపోతాం. మా వదినా మురిసింది.

తర్వాత ఇల్లు కట్టేటప్పుడు ఏమవుతుంది? 2020లో వచ్చిన క్రమబద్ధీకరణ నిబంధనల్లో, పార్కు స్థలం వదలని లేఅవుట్ల ప్లాట్లకి రిజిస్టరైన నాటి విలువలో 14 శాతం ఖాళీ స్థలం రుసుముగా పెట్టారు. విలువ 10 లక్షలైతే 1,40,000. బెటర్‌మెంట్ వాటా 1,20,000 అనుకుందాం. 2,60,000 అయింది. క్రమబద్ధీకరణ రుసుము వేరే. చివరికి ఇద్దరూ ఇంచుమించు ఒకేచోట తేలారు. తేడా ఎక్కడంటే, అక్కడ డబ్బుతో పాటు పార్కు, వెడల్పయిన రోడ్డు వచ్చాయి. ఇక్కడ డబ్బు పోయింది, పార్కు ఇక ఎన్నటికీ రాదు. ఇరుకు రోడ్డు వెడల్పు కావాలంటే ఎవరి గోడ పడగొడతారు?

ఇంతకీ మిగిలిన లాభం ఎవరిది? పద్నాలుగు ప్లాట్ల చోట ఇరవై అమ్ముకుని వెళ్ళిపోయినాయనది. ఆయన కట్టవలసిన వాటాని మనచేత కట్టించి వెళ్ళిపోయాడన్నమాట.

అనుమతి లేని లేఅవుట్లని క్రమబద్ధం చేసే పథకాలు 2007 డిసెంబరులో ఒకసారి, 2020లో మరోసారి, 2025లో ఇంకోసారి వచ్చాయి. తెలియక కొన్నవాళ్ళకి ఇదొక ఊరట, కాదనను. "ఎలాగూ ఇంకో పథకం వస్తుందిలే" అని అమ్మేవాళ్ళు మనకి ధైర్యం చెప్పడం మాత్రం బాగాలేదు. కట్టేది మనం కదా!

అమెరికాలోనూ ఇదే రగడ

మన పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటున్న కాలిఫోర్నియాలో కూడా ఈ చార్జీలు పెద్ద తలనొప్పే. అక్కడ ఎల్‌డొరాడో అనే కౌంటీలో జార్జి షీట్జ్ అనే ఆయన తన స్థలంలో చిన్న ఇల్లు పెట్టుకుందామని అనుమతి అడిగితే, రోడ్ల కోసమంటూ 23,420 డాలర్లు కట్టమన్నారు. పట్టికలో ఉన్న రేటు అంతే అన్నారు. కట్టాడు, కట్టి కోర్టుకి వెళ్ళాడు. "నా ఒక్క ఇంటి వల్ల మీ రోడ్డుకి ఇంత భారమా? లెక్క చూపించండి" అన్నాడు. 2024 ఏప్రిల్లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఒక్కమాటగా, చట్టసభ రాసిన పట్టిక కదా అని ఈ ప్రశ్న నుంచి తప్పించుకోవడానికి లేదన్నారు. లెక్క తేల్చమని కేసుని మళ్ళీ కింది కోర్టుకి పంపారు.

చార్జీయే వద్దని ఆ కోర్టు అనలేదు, గమనించండి. చార్జీ మరీ ఎక్కువైతే చిన్నవాళ్ళు ఇల్లు కట్టుకోలేరు, లేదా అనుమతి లేని చోటికి పోతారు. మరీ తక్కువైతే రోడ్డు రాదు. పాత పేటల్లో ఉన్నవాళ్ళ ఇంటిపన్నుతో కొత్త కాలనీకి డ్రైను వెయ్యవలసి వస్తుంది. ఏది న్యాయమో తేలాలంటే లెక్క బయట పెట్టాలి. మరో దారి లేదు.

వదిన ఏం చేసింది?

పేరంటం అయిన వారానికి వదిన నుంచి ఫోన్. "ఏమే, ఫీజు అయితే దేనికని అడగవచ్చన్నావు కదా, ఎలా అడగాలి?" అని. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. తెల్లకాగితం మీద మన ప్రశ్నలు రాసి, పది రూపాయల ఫీజుతో ఇవ్వవచ్చు. గ్రామపంచాయతీలో అయితే ఫీజు కూడా లేదు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి.

వదిన, పక్క వీధి టీచరమ్మ, ఇంకో ఇద్దరు కలిసి నాలుగు ప్రశ్నలు రాశారు. మా కాలనీలో ఇంతవరకు బెటర్‌మెంట్ చార్జీ ఎన్ని ప్లాట్లవాళ్ళు, ఎంత కట్టారు? ఆ డబ్బు ఏ ఖాతాలో ఉంది? ఈ కాలనీ రోడ్డు, డ్రైనుకి అంచనా వేశారా, ఎంత? పని ఎప్పుడు? "ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు మా అన్నయ్య. వదిన వినలేదు. గొలుసు ఆవిడది కదా మరి!

జవాబొచ్చింది. కాలనీలో 46 ప్లాట్లుంటే చార్జీ కట్టింది 19. మిగిలిన ప్లాట్లు ఖాళీగా ఉన్నాయి. ఇల్లు కడితేనే ప్లాను కోసం వస్తారు, వస్తేనే చార్జీ కడతారు. పెట్టుబడిగా కొని వదిలేసినవాళ్ళు రూపాయి కట్టలేదు. సగం మంది కూడా కట్టకపోతే పూర్తి పనికి డబ్బు చాలలేదంటున్నారు ఆఫీసువాళ్ళు. కట్టిన డబ్బు కాలనీ పేరున విడిగా లేదు, మున్సిపాలిటీ సాధారణ నిధిలో కలిసిపోయింది.

నాకు అప్పుడు అర్థమైంది, అసలు మెలిక ఇక్కడుంది. మొదటి ఇల్లు లేచిన రోజు నుంచే డ్రైను కావాలి. డబ్బు మాత్రం ఆఖరి ఇల్లు లేచేదాకా పూర్తిగా జమపడదు. ముందు కట్టుకున్నవాళ్ళు డబ్బూ కట్టి, బురదా తొక్కాలి. పద్ధతైన లేఅవుట్లో ఈ బాధ లేకుండా 2017 నిబంధనల్లో ఒక ఏర్పాటుంది. రోడ్లు, డ్రైన్లు పూర్తయ్యేదాకా ప్లాట్లలో పదిహేను శాతం తనఖాగా ఉంచుకుంటారు. పని చేస్తేనే అవి విడుదలవుతాయి. అమ్మినాయన చెయ్యకపోతే అవి అమ్మి పని చేయించవచ్చు. మా వదిన కాలనీకి అలాంటి తనఖా ఏదీ లేదు, అసలు అనుమతే లేదు గనక.

ఆ జవాబు కాగితం పట్టుకుని నలుగురూ వార్డు కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళారు. ఖాళీ ప్లాట్ల వాళ్ళ అడ్రసులు కూడబెట్టి ఉత్తరాలు రాశారు. కొందరు హైదరాబాదు, ఒకాయన దుబాయ్. ఏడుగురు స్పందించి వాటా కట్టారు. మిగిలినవాళ్ళు పలకలేదు. "19 ఇళ్ళ డబ్బుకి సరిపడా పనైనా చెయ్యండి, ముందు డ్రైను చెయ్యండి" అని అడిగారు. ఈ వేసవిలో వీధికి ఒకవైపు డ్రైను వేశారు. రోడ్డు ఇంకా గ్రావెల్ రోడ్డే. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది. అయినా మొన్న పెద్దవాన కురిసిన రాత్రి వదిన ఫోన్ చేసి, "నీళ్ళు పోతున్నాయే! నిలబడి చూస్తున్నాను" అంది. ఆ గొంతులో సంతోషం వినాలి మీరు.

స్థలం కొనేముందు ఇవి చూసుకోండి

* లేఅవుట్‌కి అనుమతి ఉందా? ఎల్పీ నంబరు అడిగి తీసుకుని, మీ ఊరు ఏ పరిధిలోకి వస్తే ఆ మున్సిపాలిటీలోనో అభివృద్ధి సంస్థలోనో మీరే వెళ్ళి సరిచూసుకోండి. "పంచాయతీ అప్రూవల్ ఉందండీ" అన్నంత మాత్రాన సరిపోదు.

* 500 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు 600 గజాలు దాటిన ప్రాజెక్టుకి 2016 నాటి రెరా చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. ఆ నంబరు కూడా అడగండి.

* పార్కు జాగా ఎక్కడో ప్లానులో చూపించమనండి. అది స్థానిక సంస్థకి రాసిచ్చారా అని అడగండి.

* మీరు కొనే ప్లాటు తనఖాలో ఉంచిన వాటిలోది కాదని చూసుకోండి.

* ఒక్కసారి మంచి వానలో వెళ్ళి చూడండి. ఎండాకాలంలో ప్రతి స్థలమూ బంగారంలాగే ఉంటుంది! నీళ్ళు ఎటు పోతున్నాయో, ఏ కాలవలో కలుస్తున్నాయో చూడండి. 1986 వరదలో, 1996 తుఫానులో అక్కడ ఎంత నీరు నిలిచిందో ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి.

* అమ్మేవాళ్ళు చెప్పిన గజం ధర పక్కన మెరక ఖర్చు, ఖాళీ స్థలం రుసుము, బెటర్‌మెంట్, డెవలప్‌మెంట్ చార్జీలు వేసి కూడండి. రేట్లు, శాతాలు అప్పుడప్పుడు మారుతుంటాయి. మీరు కొనే రోజుకి అమల్లో ఉన్నవి టౌన్ ప్లానింగ్ సెక్షన్లో అడిగి రాసుకోండి. అప్పుడు ఏది చవకో మీకే తెలుస్తుంది.

* ఏ చార్జీ కట్టినా దాని పేరు, లెక్క రాసి ఉన్న రసీదు తీసుకోండి. ప్లాను కాగితాలతో పాటు బీరువాలో భద్రంగా ఉంచండి. రేపు "రోడ్డేదీ?" అని అడగడానికి మీ చేతిలో ఉండేది అదే.

నెల సరుకుల చీటీలో ఒక్క రూపాయి తేడా వస్తే కిరాణా కొట్టు దగ్గర నిలబడి లెక్క తేల్చుకునేవాళ్ళం మనం. పోపుడబ్బాలో దాచింది, మెడలో ఉన్నది తీసి కట్టిన చార్జీకి లెక్క అడగడానికి మొహమాటం ఎందుకు?